లెటర్‌ప్యాడ్ మీద మిగిలిన జాగా

మా సంఘంలో సభ్యులకంటే పదవులు ఎక్కువ. ఎగతాళికి అంటున్న మాట కాదు. పదేళ్లకు పైగా దానికి కార్యదర్శిగా ఉన్నవాణ్ణి, నా పదవి మీద ఒట్టేసి చెప్తున్నాను. అధ్యక్షుడు ఉన్నాడు, గౌరవ అధ్యక్షుడు ఉన్నాడు, కార్యనిర్వాహక అధ్యక్షుడు ఉన్నాడు. మండలానికో ఉపాధ్యక్షుడు. జక్రాన్‌పల్లికి ఒకరైతే మోర్తాడ్‌కు ఇద్దరు, ఎందుకంటే అక్కడ ఇద్దరు అలిగారు. కొందరికి రెండేసి పదవులు. ఏ పదవీ లేని మామూలు సభ్యుడు ఒక్కడే మిగిలిపోతే, పాపం ఒంటరివాడైపోతున్నాడని అతణ్ణి కూడా పోయినేడు ప్రచార కార్యదర్శిని చేశాం.

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో, జిరాక్స్ దుకాణం పక్కనున్న గది మా ఆఫీసు. వికలాంగుల సహాయ సంఘం అని బయట బోర్డు ఉంటుంది. నాకు ఎడమ కాలు పోలియో. కర్ర లేకపోతే ఆ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు పోలేను. మా అధ్యక్షుడు పాత బజారులో తరాలుగా బట్టల దుకాణం నడుపుతున్న ముస్లిం కుటుంబం పెద్దమనిషి. చిన్నప్పుడు చెరుకు రసం మిషన్లో కుడి చెయ్యి మోచేతి దాకా పోయింది. ఉన్న ఒక్క చేత్తో గజాలకు గజాలు బట్ట కొలిచి, కొస పంటితో పట్టి చర్రున చింపుతాడు. బంగారంలాంటి మనిషి. మైకు కనబడితే మాత్రం ఆయన్ని పట్టుకోవడం మన తరం కాదు.

మా కార్యక్రమాలు చాలా ఉంటాయి. ఎక్కువ భాగం సన్మానాలు. ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటాం. ఈ ఏడు నేను ఆయనకు కప్పిన శాలువా వచ్చే ఏడు ఎవరి భుజం మీదో కనబడుతుంది, కాని అడగకూడదు, మర్యాద కాదు. డిసెంబరులో వికలాంగుల దినోత్సవం నాడు ఆటల పోటీలు పెడతాం. ఒకసారి కుర్చీలాట పెట్టారు. పాట ఆగగానే ఖాళీ కుర్చీలో కూచోవాలి. చక్రాల కుర్చీల్లో వచ్చిన ముగ్గురూ గెలిచారు, ఎందుకంటే వాళ్ల కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు. ఆ ఆట ఎవరి ఆలోచనో ఇప్పటికీ తేలలేదు. నాదేనని కొందరు అంటారు.

నాకు కార్యదర్శి పదవి వచ్చింది నా చేతిరాత వల్ల. అచ్చు గుద్దినట్టు రాస్తానని పేరు. కాని రాయడానికి జాగా ఉండాలి కదా! మా లెటర్‌ప్యాడ్ చూస్తే మీకే అర్థమవుతుంది. పైన వరసగా ముఖ్యుల ఫోటోలు. కింద సంఘం పేరు, రెండు రంగుల్లో. ఎడమ పక్క పై నుంచి కింది దాకా పేర్లు, పదవులు, ఫోన్ నంబర్లు. అటు పట్టక కుడి పక్క కూడా. అడుగున "మాకు కావాల్సింది జాలి కాదు, హక్కులు" అని నినాదం. వెనక పేజీ నిండా సంఘం ఆశయాలు. ఇవన్నీ పోగా నడిమధ్యలో, నా అరచేయి పెడితే కప్పుకుపోయేంత జాగా మిగులుతుంది. లోకంలో ఉన్న వికలాంగుల కష్టాలన్నీ నేను ఆ అరచేతిలోనే రాయాలి.

"ఫోటోలు జర చిన్నగ చేపిద్దామా సాబ్?" అని ఒకసారి అధ్యక్షుణ్ణి అడిగాను.

"అరె భాయ్, ఎవరిది చిన్నగ చేస్తవ్? నాది చెయ్. మిగిలినోళ్లది ముట్టుకున్నవంటే సంఘం రెండైతది" అన్నాడు. నిజమే. అంతకుముందు ఒకసారి ఫోటోల దగ్గరే విడిపోయి, అవతలి సందులో ఇంకో సంఘం పెట్టారు. వాళ్ల లెటర్‌ప్యాడ్ మాదానికంటే పెద్దది.

ఇలా ఉండగా ఒక ఆదివారం, వానాకాలంలో, కూతుర్ని వీపు మీద వేసుకుని ఒక ఆమె మా గదిలోకి వచ్చింది. చందూర్ దాటి లోపలికి ఉన్న ఊరు వాళ్లది. బోధన్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. చీర కొంగుతో పిల్లను నడుముకు బిగించి కట్టుకుంది. బీడీలు చుట్టే మనిషని ఆమె వేళ్లు చూడగానే తెలిసింది, మా జిల్లాలో ఆ వేళ్లు గుర్తుపట్టని వాడుండడు. పిల్లకు పదేళ్లుంటాయి. నడుం కింద పట్టు లేదు. కాళ్లు ఊరికే వేలాడుతున్నాయి. కళ్లు మాత్రం గదిలోని ఫోటోలన్నీ ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాయి.

"కూసో చెల్లె, ఏం కష్టమొచ్చింది?" అన్నాను.

"కష్టం పెద్దదేం గాదు సార్. అర్ర మార్చాలె" అంది.

అర్ర అంటే బడిలో గది. సంగతి ఇది. పిల్ల వాళ్ల ఊరి సర్కారు బడిలో అయిదో తరగతికి వచ్చింది. నాలుగు దాకా కిందనే కూచుంది. అయిదో తరగతి మేడ మీద. పద్దెనిమిది మెట్లు. రోజూ పొద్దున ఈమె పిల్లను భుజాన వేసుకుని ఎక్కించి పోతుంది, సాయంత్రం వచ్చి దించుకుపోతుంది. మధ్యలో దించేవాళ్లు లేరు. పాయిఖానా కింద ఉంది. అందుకని పిల్ల బడికి పోయే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది.

"పొద్దుగాల చాయ గూడ వద్దంటది సార్" అంది తల్లి. "ఇగ నాకేమో నడుము పట్టుకుంటున్నది. డాక్టరు బరువులు లేపకు అన్నడు. బీడీల గంప లేపుడు బందువెట్టిన. దీన్నెట్ల బందువెట్టాలె?"

"హెడ్‌మాస్టర్‌ను అడిగినవా?"

"అడిగిన. రెండో తరగతి టీచరమ్మకు మోకాళ్ల నొప్పులట, ఆమెను మీదికి పంపుడు ఎట్లనని అంటడు. పైనుంచి కాయితం దేపో, మారుస్త అన్నడు. నేనెక్కడికెళ్లి దేవాలె పైనుంచి? అందుకే మీ తానకొచ్చిన."

తర్వాత ఆమె చెప్పిన మాట నేను మరచిపోలేదు. "బతుకమ్మ సెలవుల దాక ఎట్లనో ఈడ్సుకొస్త సార్. సెలవులైనంక ఇగ నాతోని గాదు. ఇంట్ల చాట ముందల కూసోవెడ్త. బీడీలు చుట్టుడు నేర్చుకుంటది, దాని నసీబు."

పిల్ల అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "నేను చుట్టను" అంది. అంతే. మళ్లీ ఫోటోల వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

"మెట్లు బాగ ఎత్తుగున్నయా బిడ్డ?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"నాకు తెల్వది సార్. నేను అమ్మ బుజం మీద ఎన్కకు జూసుకుంట పోత. నాకు కింది నేలనే కనవడ్తది" అంది.

అధ్యక్షుడు ఎడమ చేతి గుప్పిట బల్ల మీద కొట్టాడు. "సోమవారం మనమే పెద్ద ఆఫీసుకు పోయి అర్జీ ఇద్దాం. ఎట్ల మార్చరో చూస్త!" అన్నాడు. ఆ ఆవేశం నిజమైనదే. ఆ గదిలో ఆ పూట మా అందరి కళ్లూ చెమర్చాయి. ఎవరో ఇరానీ చాయ్ తెప్పించారు. పిల్ల తాగలేదు, దారిలో రెండు బస్సులున్నాయి కదా.

అర్జీ నేనే రాశాను. మీకు చెప్పాను కదా జాగా సంగతి. "గౌరవనీయులైన" అనే మాటకే ఒక లైను పోయింది. మర్యాద తగ్గించకూడదు. "విషయం" అని ఇంకో లైను. మా సంఘం ఎన్నేళ్లుగా ఎంత సేవ చేస్తోందో చెప్పకపోతే ఎవరు పట్టించుకుంటారని ఉపాధ్యక్షులు పట్టుబట్టారు, అది మూడు లైన్లు. మిగిలిన ఒక్క లైనులో, నా అచ్చు గుద్దినట్టుండే అక్షరాలతో, ఇలా రాశాను: "పై గ్రామానికి చెందిన చిన్నారి సమస్యను వెంటనే పరిష్కరించగలరని మనవి." కింద అధ్యక్షుడి సంతకం, నా సంతకం, రెండు ముద్రలు. ముద్ర ఒకటి "పై గ్రామానికి" అనే మాట మీదే పడింది.

చదివి వినిపించాను. అందరూ శభాష్ అన్నారు. ఆ చిన్నారి సమస్య ఏమిటో అందులో ఎక్కడా లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? సమస్య మా అందరికీ తెలుసు కదా.

సోమవారం తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని పన్నెండు మందిమి కదిలాం. అర్జీ ఇస్తుంటే ఫోటో దిగాం. మర్నాడు పేపరు జిల్లా పేజీలో వచ్చింది. ఫోటోలో పిల్ల పడలేదు, మోర్తాడ్ ఉపాధ్యక్షుడి శాలువా అడ్డం వచ్చింది. అయినా ఆ ముక్క కత్తిరించి మా వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు రోజులపాటు దండాలు, పువ్వులు, చప్పట్లు కురిశాయి. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, మేము చీపురు పట్టుకోగానే పండగ చేసుకుంటాం.

మూడు వారాలకు అద్భుతం జరిగింది. పెద్ద ఆఫీసు నుంచి మాకు జాబు వచ్చింది. నిజంగా పోస్టులో, కవరులో, గోధుమరంగు కవరులో! పైన రాజముద్ర, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం, గుండ్రటి ముద్ర. "అధ్యక్షులు గారికి" అని రాసి ఉంది. ఇన్నేళ్లలో మేము ఎన్ని అర్జీలిచ్చామో, తిరిగి ఒక అక్షరం రావడం అదే మొదలు. అధ్యక్షుడు కవరును కళ్లకద్దుకున్నాడు.

"మాషా అల్లా! గారు అని రాసిండ్రు భాయ్, గారు!" అన్నాడు. ఒక్క చేత్తో బతుకంతా బట్ట చింపిన మనిషికి సర్కారు గారు అని రాసిందంటే మాటలా? నాకూ గుండె నిండింది. అత్యవసర సమావేశం పెట్టి, ఆ జాబును పక్క జిరాక్స్ దుకాణంలో లామినేషన్ చేయించి, గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. ఆ సందర్భంగా అధ్యక్షుడికి శాలువా కప్పాం. జాబులో ఏముందని అడుగుతారేమో. ముద్ర ఉంది, సంతకం ఉంది, గారు ఉంది. అంతకంటే ఏం కావాలి? చదివాననే నేను అనుకున్నాను. పని అయిపోయినట్టే మా లెక్క.

బతుకమ్మ సెలవులకు ఇంకా వారం ఉందనగా ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి పిల్లను తేలేదు. నడుముకు తువ్వాల బిగించి కట్టుకుంది. గోడ పట్టుకుని కూచుంది. ఇంత పాలిపోయి ఉందేమిటి ఈ మనిషి అనుకున్నాను.

"సార్, కాయితమేమన్న అచ్చిందా? ఇగ వారమే ఉన్నది. మొన్న పన్నెండో మెట్టు కాడ పిల్లను వట్టుకొని కూలవడ్డ. దానికేం గాలే. నాకే లేవరాలే" అంది.

"వచ్చింది చెల్లె! ఇగో సూడు!" అని నేను గోడ వైపు చూపించాను, మా ఇంట్లో పెండ్లి ఫోటో చూపించినంత సంబరంగా. ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. లేచి, గోడ దగ్గరికి పోయి, మెల్లగా పైకి చదివింది.

"మీ వినతిపత్రంలో సమస్య ఏమిటో స్పష్టంగా తెలియుట లేదు. కావున సదరు సమస్య పూర్తి వివరాలను వారం రోజులలోగా ఈ కార్యాలయమునకు తెలియజేయగలరు."

చదివి మా వైపు తిరిగింది.

"మిమ్ములనే అడిగిండ్రు గద సార్, ఏం సమస్యనో రాయిమని" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మీరు రాయలేదా?"

నా చేతిరాత ఉందే, ఆ చేతిరాతను ఆ క్షణంలో పొయ్యిలో పెట్టాలనిపించింది. ఊళ్లో ఆఫీసులన్నిటినీ తిట్టుకుంటూ బతికాను: కాగితం చదవరు, మనిషిని చూడరు, ముద్ర కొట్టి పక్కన పడేస్తారు అని. వాళ్లు చదివారు. చదివి అడిగారు కూడా. లామినేషన్ చేయించి గోడకు కొట్టింది మేము.

"ఇప్పుడే రాస్త చెల్లె, ఇప్పుడే!" అని ప్యాడ్ అందుకున్నాను. ఆమె ప్యాడ్ వైపు చూసింది, నా అరచేతి జాగా వైపు చూసింది. ఏమనుకుందో, గోడ మీది జాబును మేకు నుంచి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి చంకలో పెట్టుకుంది.

"ఇది కొంటవోత సార్. మల్ల దెచ్చిస్త" అంది.

"అరె అమ్మా, అది ఆర్డర్ కాదు, దానితో ఏం పని?" అన్నాడు అధ్యక్షుడు.

"పైనుంచి కాయితం దేమన్నడు గద పెద్దసారు. ఇది పైనుంచే గద అచ్చింది" అని వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె నుంచి ఫోను. హెడ్‌మాస్టర్ రాజముద్ర చూశాడు. ఆకుపచ్చ సంతకం చూశాడు. లామినేషన్ చేసి ఉంది కాబట్టి చాలా పెద్ద ఆర్డరే అయి ఉంటుందని లేచి నిలబడ్డాడు. చదవలేదు. అచ్చం మాలాంటివాడే! అన్నం గంట కొట్టేలోపు బెంచీలు మోయించాడు. మోకాళ్ల టీచరమ్మ జోలికి కూడా పోలేదు. ఒకటో తరగతి చెప్పే టీచరు పడుచు పిల్ల, "నన్నెవలూ అడగలే గద సార్, జూన్లనే పోతుంటి మీదికి" అందట. అయిదో తరగతి కిందికి వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడు వరమివ్వలేదు, వివరాలు అడిగాడు. పూజారే భయపడి ఇచ్చేశాడు.

ఇక మా సంఘం ఊరుకుంటుందా? మా పోరాట ఫలితం కదా. సెలవులకు ముందు రోజు రెండు ఆటోలు మాట్లాడుకుని, బ్యానరు చుట్టుకుని, బోధన్ మీదుగా ఆ ఊరికి బయలుదేరాం. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ దాటినప్పుడు అధ్యక్షుడు ఎప్పటిలాగే నిట్టూర్చాడు. ఒకప్పుడు ఆ దారంతా చెరుకు బండ్లే. ఇప్పుడు రెండు పక్కలా వరి.

పిల్ల వరండాలో, తన గది గుమ్మం పక్కన కూచుని ఉంది. చేతిలో నీళ్ల సీసా. మేము చూస్తుండగానే ఎత్తి గటగటా తాగింది. ఆ సీసా సగమయ్యేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లలో మా సంఘం చేసిన పనుల్లో నాకు కళ్లనిండా కనబడింది అదొక్కటే. అది కూడా మేము చేసింది కాదు.

హెడ్‌మాస్టర్‌కు శాలువా కప్పాం. టీచరుకు కప్పాం. తల్లికి కప్పాం. ఉపన్యాసాలైపోయాయి. అప్పుడు ప్రచార కార్యదర్శికి ఒక లోటు గుర్తొచ్చింది. వార్షిక నివేదికలో వేయడానికి ఇప్పటి ఫోటో ఉంది కాని, అప్పటి ఫోటో లేదు. తల్లి పిల్లను మోసుకుంటూ మెట్లెక్కే ఫోటో. అది లేకపోతే మేము సాధించింది ఏమిటో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఈసారి సమస్య స్పష్టంగా ఉండాలి కదా.

అడిగింది నేనే. చేసిన పాపం చెప్తే పోతుందంటారు, అందుకే రాస్తున్నాను. "చెల్లె, ఒక్కసారి పాపను భుజాన ఏసుకొని నాలుగు మెట్లెక్కు. ఊకెనే, ఫోటో కోసం" అన్నాను.

ఆమె మొహమాటపడి, శాలువా తీసి గోడ మీద పెట్టి, పిల్ల వైపు వంగబోయింది. నడుం పట్టుకుని ఆగింది. పిల్ల సీసాకు మూత పెట్టింది. నా కర్ర వైపు, కాలు వైపు, తర్వాత మొహం వైపు చూసింది.

"మీరెక్కుర్రి సార్. ఫోను నాకియ్యిరి, నేను దీస్త" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు "సహీ బాత్!" అన్నాడు, ఆయనకు ఏ మాటైనా నచ్చేస్తుంది. నాకు పౌరుషం ముంచుకొచ్చింది. ఫోను పిల్ల చేతిలో పెట్టి, కర్ర ఊతంతో ఎక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. అయిదో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాను. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు, ఆ సంగతి కాలు బాగున్నవాళ్లకు తెలియదు. నాకు తెలుసు, కాని మరచిపోయాను. కర్ర కిందికి వేస్తే చెప్పు జారుతోంది. అక్కడే గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. చెమటలు పట్టాయి. కింద మా కార్యవర్గమంతా ఉంది. ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి కాలు లేదు, అందరికీ పదవులున్నాయి.

ఆమె చకచకా వచ్చి నా చంకలో భుజం పెట్టింది. వద్దు చెల్లె, నీ నడుము, డాక్టరు వద్దన్నడు కదా, అని ఏదేదో గొణిగాను. నా బరువంతా ఆమె మీద పడింది.

"పట్టుకో అన్న, ఏం గాదు. నాకు అలవాటే" అంది.

కింద నుంచి పిల్ల ఫోను పైకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, నొక్కింది. ఫోటో చూసుకుని నవ్వింది. "మస్తచ్చింది సార్, మీకు గిట్లాంటిదే కావాలె గద" అంది.